కాలికి తగిన జోడు

తిరుమల కొండమీది స్వామి ప్రతి రాత్రియు కొండ దిగి, తిరుచానూరులోని అలమేలుమంగమ్మను చూచుటకు వచ్చునని ఈ ప్రాంతపు జనుల నమ్మిక. వచ్చుటయు పోవుటయు కాలినడకనే. అందుచేత స్వామి చెప్పులు అరిగిపోవుననియు, అరిగినవానికి బదులు క్రొత్తవానిని సమర్పింపవలెననియు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. అలిపిరి పాదాల మండపములో భక్తులు స్వామి పాదుకలను తలకెత్తుకొని ప్రదక్షిణము చేయుట నేటికిని కానవచ్చును.

ఈ కథలో భక్తి యెంత కలదో లోకజ్ఞానమును అంత కలదు. నడచువానికి చెప్పు అరుగును, దేవుడైనను సరే. చెప్పు కుట్టువానికి కాలి కొలత తెలిసియుండవలెను. ఆ కాలు దేవునిదైనను సరే. ఇంత తెలిసిన ప్రజలే తమ బిడ్డకు మొదటి జోడు కొనునప్పుడు కాలిని మరచిపోవుచున్నారు. రంగు చూతురు, ధర చూతురు, పొరుగింటి పిల్లవాడు తొడిగినదానిని తలచుకొందురు, "పెరిగే కాలు గదా" అని రెండు సైజులు పెద్దది తీసికొందురు. తొడుగుకొనవలసిన కాలిని ఎవరును ఒక మాట అడుగరు. అడిగినను ఆ కాలు గలవాడు నిజము చెప్పడు. ఈ రెండవ సంగతియే ఎక్కువ ఆలోచింపదగినది.

ఒక యువకుని అనుభవము దీనిని తేటపరచును. తిరుచానూరులో పుట్టి, తిరుపతిలో పట్టము పుచ్చుకొని, పై చదువునకు అమెరికా వెళ్లిన విద్యార్థి అతడు. తండ్రి దర్జీ. మొదటి చలికాలపు సెలవులలో తోడి విద్యార్థులు మంచుకొండకు బయలుదేరుచు అతనిని గూడ రమ్మనిరి. అక్కడి ఆట స్నోబోర్డు. ఇంచుమించు గడ్డము ఎత్తున నుండు ఒకే పలకమీద రెండు కాళ్లను అడ్డముగా బిగించుకొని మంచువాలున జారుటయే ఆ ఆట. ఇది మిక్కిలి పాతదేమియు కాదు. 1965 క్రిస్మసు నాడు మిచిగన్ రాష్ట్రములోని మస్కీగన్ పట్టణమున షెర్మన్ పాపెన్ అను ఇంజనీరు తన కూతుళ్ల వినోదము కొరకు రెండు స్కీ పలకలను ప్రక్కప్రక్కన చేర్చి బిగించెను. నేటి స్నోబోర్డునకు అదియే మూలము. 1977లో జేక్ బర్టన్ కార్పెంటర్ వెర్మాంటు రాష్ట్రమున ఇట్టి పలకలను చేసి అమ్మ నారంభించెను. 1998లో జపానులోని నగానో ఒలింపిక్సులో ఈ ఆటకు చోటు దొరికినది. నేడు మన దేశములోని గుల్మార్గు, ఔలీ మంచువాలులమీదను దీనిని ఆడుచున్నారు. తొలినాళ్లలో మామూలు చలికాలపు బూట్లతోనే ఆడిరి. కాలిని పలకకు బిగించు పట్టీలు వచ్చిన పిమ్మట, ఆ పట్టీలకు తగిన బూటు ప్రత్యేకముగా పుట్టినది.

ఆ బూటు కొనుటకు మన యువకుడు అంగడికి పోయెను. తిరుపతిలో అతని సైజు ఎనిమిది. అక్కడను ఎనిమిదియే అడిగెను. మన అంగళ్లలో సాధారణముగా వాడుకలోనున్నది బ్రిటిషు లెక్క. అమెరికా లెక్క వేరు. మన ఎనిమిది పురుషుల బూట్లలో అక్కడ ఇంచుమించు తొమ్మిదియగును. కనుక వారు తెచ్చిన ఎనిమిది పట్టలేదు. అప్పుడు అతనికి చిన్ననాడు తల్లి చెప్పిన సూత్రము జ్ఞప్తికి వచ్చినది: ఇరుకైనదానికంటె వదులైనది మేలు. పది తెమ్మనెను. అది నల్లగా నిగనిగలాడుచున్నది. మిక్కిలి బిరుసుగా నున్నది. అయిదేండ్లుగా ఆ ఆట ఆడుచున్న స్నేహితుడు దానిని మెచ్చుకొనెను. రెండు జతల మేజోళ్లు తొడిగి, బూటు బిగించి, అతడు లేచి నిలిచెను. అంగడివాడు మోకాళ్లు వంచుమని, మడమ లేచుచున్నదా అని అడిగెను. మడమ లేచుచునే యున్నది. వెనుక ఇంకొకరు కాచుకొని యున్నారు, స్నేహితులు తొందరపడుచున్నారు, తన ప్రశ్నలు ఎంత తెలివితక్కువగా వినబడునో యని జంకు. "సరిపోయినది" అనెను.

మరునాడు మంచుమీద ఆ అబద్ధము బయటపడెను. క్రొత్తవాడు పడుట వింత కాదు, అందరును పడుదురు. కాని అతడు తిరుగవలెనని మడమ ఎత్తినప్పుడు బూటులోపల కాలు మాత్రము లేచెను, పలక తిరుగలేదు. సాయంకాలమునకు రెండు మడమలును బొబ్బలెక్కినవి, మోకాలు వాచినది. తన కాళ్లకు ఆ విద్య పట్టువడదని నిశ్చయించుకొని, ఆ రాత్రి తండ్రికి ఫోను చేసి చెప్పుకొనెను. తండ్రి మంచును ఎన్నడును చూచినవాడు కాడు. అంతయు విని, "కొలతలు తీసేటప్పుడు కడుపు బిగబట్టుకుని నిలబడితే, చొక్కా కుట్టేవాడేం చేస్తాడు నాయనా?" అని మాత్రమడిగెను.

దర్జీ అడిగిన ఆ ప్రశ్నలో ఈ విషయపు సారమంతయు ఉన్నది. స్నోబోర్డులో చేతికి పగ్గము లేదు, కాలికి చక్రము లేదు. పలకను నడుపునది పాదమే. వ్రేళ్లమీద బరువు మోపిన పలక ఒక అంచుమీదను, మడమమీద మోపిన రెండవ అంచుమీదను మంచును కోసికొని తిరుగును. పాదము చేయు ఆ చిన్న కదలికను పలకకు అందించునది బూటు. నడుమ వదులున్నచో ఆ కదలిక బూటులోనే ఇంకిపోవును. కనుక క్రొత్తగా నేర్చువాడు పలకను ఎరువు తెచ్చుకొన్నను, బూటును మాత్రము తన కాలికి సరిచూచుకొనవలెనని ఆ ఆట తెలిసినవారు చెప్పుదురు.

సరిచూచుకొను విధము కష్టమైనది కాదు. గోడకు మడమ ఆనించి నిలిచి, అన్నిటికంటె పొడవైన వ్రేలి కొనవరకు సెంటీమీటరులలో కొలువవలెను. మంచు బూట్ల సైజులకు ఈ కొలతయే ఆధారము. దేశమును బట్టి మారు అంకెలకంటె ఇది నమ్మదగినది. రెండు పాదములును కొలువవలెను, ఏలయన చాలమందికి ఒకటి కొంచెము పెద్దదిగా నుండును. ఆ పెద్దదానికే బూటు కొనవలెను. ఉదయమునకంటె సాయంకాలము పాదము కొంత ఉబ్బియుండును గనుక సాయంకాలపు కొలత మేలు. ఆటకు తొడుగు ఉన్ని మేజోళ్లనే తొడిగి చూడవలెను. అదియు ఒక్క జతయే. రెండు జతలు తొడిగినచో వెచ్చదనము పెరుగకపోగా, మడతలు పడి చర్మము ఒరసికొనును. నిటారుగా నిలిచినప్పుడు వ్రేళ్ల కొనలు బూటు ముందు గోడను మెల్లగా తాకవలెను. మోకాళ్లు వంచగనే అవి వెనుకకు జరుగవలెను. మడమ మాత్రము చోటు విడువరాదు. లోపలి మెత్తని తొడుగు కొన్నినాళ్ల వాడకముతో అణగి తానే చోటిచ్చును గనుక, ముందుగనే వదులుగా కొన్నవాడు తరువాత మరింత వదులును అనుభవించును. అన్నిటికిని మించి, బూటు తొడిగి అంగడిలోనే పావుగంటయైన నిలువవలెను, నడువవలెను, వంగవలెను. మొదటి నిమిషమున మూగగా నున్న నొప్పి పదవ నిమిషమున నోరు విప్పును.

బిరుసుతనమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. ఆరితేరినవాడు మహావేగమున దిగును. వాని కాలి ప్రతి కదలికయు లెక్కలో నున్నది. బిరుసు బూటు ఆ కదలికను వెంటనే పలకకు అందించును. క్రొత్తవాని కదలికలు సగము తప్పులు. బిరుసు బూటు ఆ తప్పులను గూడ అంతే నమ్మకముగా పలకకు అందించును. మెత్తని బూటు తప్పును కొంత ఓర్చుకొనును, చీలమండను వంగనిచ్చును. స్నేహితుడు మెచ్చిన బూటు ఆ స్నేహితునికి మంచిదే. అయిదేండ్ల అభ్యాసము గలవాని బూటును మొదటినాడే తొడిగిన, ఆ అభ్యాసము రాదు, బొబ్బలు వచ్చును.

"రాయలసీమ ఎండలలో ఈ మంచుబూట్ల ప్రసంగమెందుకు?" అని అడుగవచ్చును. తెలుగు బిడ్డలకు మంచు పరాయిది కాదని చెప్పుటకు ఒక్క నిదర్శనము చాలును. 2014 మే 25వ తేదీన మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరమునెక్కెను. ఆమెది పాకాల గ్రామము. తిరుపతికి సమీపముననున్న రైలుకూడలి పాకాల కాదు, నిజామాబాదు జిల్లాలోని పాకాల. అప్పటికి ఆమెకు పదునాలుగేండ్లు ఇంకను నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుచున్న బాలిక. ఆమెతోపాటు శిఖరమునెక్కిన సాధనపల్లి ఆనందకుమారును అట్టి పాఠశాల విద్యార్థియే. భువనగిరి కొండబండమీద మొదలైన వారి శిక్షణము డార్జిలింగునకు, లడఖునకు సాగినది. అంతటి చలిలో బూటు ఇరుకైనచో వ్రేళ్లకు రక్తము చక్కగా అందదు. అందని వ్రేలు మొద్దుబారును. అశ్రద్ధ చేసినచో ఆ వ్రేలినే పోగొట్టుకొనవలసి వచ్చును. ఎక్కడ కరచుచున్నదో చెప్పుట అట్టిచోట గారాబము కాదు, ప్రాణరక్షణము. బిడియపడి ఊరకున్న బిడ్డను ఎంతటి శిక్షకుడైనను కాపాడలేడు.

కాలిని కొలుచుట అల్పమైన పనియని తలచువారు ఇంకొక సంగతి ఎరుగవలెను. మన దేశమువారు వాడుచున్న జోళ్ల సైజులు మన కాళ్లను చూచి ఏర్పరచినవి కావు. బ్రిటిషు లెక్కలో ఒక సైజునకును తరువాతి సైజునకును గల తేడా అంగుళములో మూడవ వంతు. ఒక యవగింజ పొడవును బట్టి వచ్చిన కొలత అది. తిరుచానూరుకు నాలుగు గంటల ప్రయాణములోనున్న చెన్నపట్టణపు కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థవారు 2021 డిసెంబరు మొదలు 2022 మార్చి వరకు దేశము నలుమూలలను సుమారు లక్షమంది పాదములను కొలిచిరి. భారతీయుల పాదము పాశ్చాత్యుల పాదముకంటె వెడల్పుగా నుండునని తేలినది. ఆ కొలతలను బట్టి "భా" అను పేర ఒక స్వదేశీయమైన సైజుల పద్ధతిని ప్రతిపాదించిరి. ఇన్ని తరములు ఈ దేశమువారు పరాయి కొలతలో కాలిని ఇరికించుకొని, కరచినప్పుడెల్ల "క్రొత్త జోడు కరవక మానునా" అని సరిపెట్టుకొనిరన్నమాట. వ్యక్తికి గల మొగమాటమే జాతికిని ఉండెను.

ఇప్పుడు పాఠశాలల సంగతికి రావలెను. ఆంధ్రప్రదేశములో 2020 అక్టోబరు 8వ తేదీన జగనన్న విద్యాకానుక అను పేర ప్రభుత్వ పాఠశాలల బాలబాలికలకు పుస్తకములు, సంచి, దుస్తుల గుడ్డతోపాటు ఒక జత బూట్లును రెండు జతల మేజోళ్లును ఇచ్చుట ప్రారంభమైనది. 2025 జూనులో అట్టి సామగ్రినే సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అను పేర పంచిరి. పేరు మారినది, పిల్లల పాదములు మారలేదు. ఆ పాదములను కొలిచి పంపవలసిన భారము ఉపాధ్యాయులమీద పడినది. ఎందరో పేద పిల్లలకు జీవితములో మొదటి బూటు ఇదియే. అమెరికా అంగడిలోని యువకుడెట్లో, ఒకటవ తరగతి గదిలో ఈ బిడ్డయు అట్లే క్రొత్తవాడు.

కొలత తీయుటకును బూటు చేతికందుటకును నడుమ నెలలు గడచును. ఆ నెలలలో పిల్లల కాలు ఊరకుండదు. పని తొందరలో తరగతిని బట్టి అంకె వేసి పంపినచో, వయస్సు ఒకటియైనను పాదములు ఒకటి కాని పిల్లలకు ఆ అంకె తగదు. ఇది ఎవరిని నిందించుటకును చెప్పుట కాదు. ఎనుబదిమంది పిల్లలను ఇద్దరు ఉపాధ్యాయులు చూచుకొనుచోట కాగితముమీద పాదము గీత గీయుటకు తీరిక చిక్కుట ఎంత కష్టమో అందరెరిగినదే. కాని అసలు చిక్కు కొలతతో ముగియదు. పెట్టె విప్పి, బూటు తొడిగి, "సరిపోయిందా?" అని అడిగినప్పుడు బిడ్డ చెప్పు జవాబులో ఉన్నది. "సరిపోయింది సార్" అనును. వ్రేళ్లు ముడుచుకొని నిలిచి అనును. లేదన్నచో ఆ బూట్లను వెనుకకు తీసికొందురేమో, మరల ఇత్తురో ఇవ్వరో యని వాని భయము. నిగనిగలాడు ఆ వస్తువును పోగొట్టుకొనుటకంటె నొప్పిని దాచుకొనుటయే వానికి సులభముగా తోచును. నాలుగునాళ్లకు ఆ బూట్లు ఇంటి మూలను చేరును. బిడ్డ మరల వట్టికాళ్లతో బడికి వచ్చును. "ఇచ్చినా వేసుకోరు" అని పెద్దలు విసుగుకొందురు. పిల్లవాడు ఎందుకు వేసికొనలేదో ఆ పాదము చెప్పగలదు, అడుగువారు లేరు.

దీనికి రెండు ఆక్షేపణలు కలవు. రెండును త్రోసివేయదగినవి కావు. మొదటిది పేదరికము. రెండేండ్లకొక జోడు కొను ఇంట పెద్ద సైజు తీసికొనుట మౌఢ్యము కాదు, పొదుపు. నిజమే. నడకకు వాడు బూటులో బొటనవ్రేలి ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటుండుట మంచిదే. మంచుబూటువలె ముందు గోడను తాకనక్కరలేదు. ఆ పాటి చోటు పెరుగుదలకు చాలును. అంతకు మించిన వదులు పిల్లవానిని ఈడ్చి నడుచునట్లు చేయును; తట్టుకొని పడవేయును; మడమ కడ ముందుగా చిరుగును. అప్పుడు ఆ పొదుపును నిలువదు. రెండవ ఆక్షేపణ, తాతముత్తాతలు చెప్పులు లేకయే నడచిరి గదా యనుట. అలిపిరి మెట్లు మూడువేల అయిదువందల యేబదియని చెప్పుదురు. నేటికిని భక్తులు వానిని వట్టికాళ్లతో ఎక్కుచున్నారు. అది వారు కోరి పూనిన వ్రతము. ఇంట చెప్పులుండి విడిచి వచ్చినవారి నడక అది. జోడు కరచుటచేత విప్పి సంచిలో వేసికొని, మిట్టమధ్యాహ్నపు తారురోడ్డుమీద ఇంటికి పరుగెత్తు బిడ్డ నడక వ్రతము కాదు. ఆ రెంటిని ఒకటిగా ఎంచుట న్యాయము కాదు.

ఇంత దూరము వచ్చిన పిమ్మట ఉపాధ్యాయులకు ఇంకొక సంగతి స్ఫురింపకపోదు. "సరిపోయిందా?" "సరిపోయింది సార్" అను ప్రశ్నోత్తరములు బూట్ల పంపకమునాడు మాత్రమే వినబడునవి కావు. ప్రతినిత్యము ప్రతి పాఠము చివరను "అర్థమైందా?" అనియు, "అర్థమైంది సార్" అనియు వినబడునవి అవియే. అక్కడను కొందరు పిల్లలు వ్రేళ్లు ముడుచుకొనియే నిలుచుచున్నారు. భిన్నములు బోధపడని బాలుడు, సంధి విడదీయలేని బాలిక, ప్రక్కవారు నవ్వుదురని తల ఊపుదురు. ఆ తల ఊపుడును నమ్మి పాఠము ముందుకు సాగును. ఏడాది చివరను ఆ బిడ్డకు చదువు రాదని తేల్చుదురు. ఆ బిడ్డయు మన యువకునివలెనే తనకు ఆ విద్య పట్టువడదని నమ్మును. నేర్చువానికి ముందు కావలసినది తెలివి కాదు. ఎక్కడ కరచుచున్నదో బయటికి చెప్పు ధైర్యము. ఆ ధైర్యము పిల్లవానికి పుట్టుకతో రాదు. చెప్పినందువలన కీడు కలుగదని గురువు ఒకసారి చేసి చూపినప్పుడు వచ్చును.

బూట్ల విషయమున అట్లు చేసి చూపుట తేలిక. తొడిగినవెంటనే అడుగక, పిల్లలను బడి ఆవరణలోని వేపచెట్టువరకు నడిపించి మరల రప్పింపవచ్చును. "సరిపోయిందా?" అని కాక, "ఎక్కడ పట్టుతున్నది? వ్రేళ్ల దగ్గరా, మడమ దగ్గరా?" అని అడుగవచ్చును, అట్టి ప్రశ్నకు తల ఊపి తప్పించుకొన వీలులేదు. పట్టలేదన్నవానిని మందలింపక, ఆ జతను పట్టినవానికిచ్చి, ప్రక్క తరగతినుండియో ప్రక్క ఊరి బడినుండియో మార్చి తెప్పింపవచ్చును. విద్యార్థులును తమ పాలు తాము చేయవలెను. పై తరగతులవారు ఒక కాగితము, ఒక పెన్సిలు, ఒక అడుగుబద్ద పట్టుకొని, చిన్న తరగతుల పిల్లల పాదములను ఆరు నెలలకొకసారి గీచి యుంచినచో, గురువుల భారము సగము తీరును. లెక్కల పాఠమును ఒకటి నడచును.

తిరుచానూరు యువకుని కథకు ముగింపు చిన్నదే. వారము దాటిన పిమ్మట అతడు ఆ బూట్లతో అదే అంగడికి తిరిగి పోయి, మడమ లేచుచున్న మాట దాచితినని ఒప్పుకొనెను. అంగడివాడు నవ్వలేదు, కూర్చుండబెట్టి రెండు పాదములను కొలిచెను. ఎడమకాలు కొంచెము పెద్దదని అతనికి ఇరువదిమూడేండ్ల వయస్సున ఆనాడు తెలిసినది. ఒకటవ తరగతిలోనే ఎవరైనను కొలిచియుండినచో ఆనాడే తెలిసియుండెడిది. ఈ యేడు బడులు తెరచి బూట్ల పెట్టెలు విప్పునప్పుడు, కనీసము ఒక్కొక్క బిడ్డ ఎడమకాలిని కుడికాలిని వేరువేరుగా చూచి, వాడు నడచి వచ్చువరకు కాచుకొనుట చాలును.